పచ్చ అట్టలో పావురాలు

ఆస్పత్రి క్వార్టర్స్, మేడ మీద గది

ఒరేయ్ బంకా,

నువ్వెలా ఉన్నావు, మరదలు ఎలా ఉంది అని ఒక పేజీ నింపి తర్వాత అసలు సంగతికొస్తే నీకు ఒళ్ళు మండుతుంది. అందుకే ముందే చెబుతున్నాను. నాకు నవలలు కావాలి.

నవ్వకు. బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నేను చదివినవన్నీ మందు సీసాల మీద చీటీలే అని నీకు తెలుసు. మెట్ల మీంచి పడ్డప్పుడు తలకి తగిలిన దెబ్బ పైకి మానిపోయింది. లిఫ్టు మెకానిక్ పెళ్ళాం మెట్ల మీంచి పడిందని ఆస్పత్రంతా ఇప్పటికీ నవ్వుకుంటోంది, మీ బావ ఒక్కరే నవ్వడం లేదు. లోపల ఫోటోలు తీశారు, అన్నీ బాగానే ఉన్నాయట. అయినా నన్ను మళ్ళీ మందుల కౌంటర్లో కూర్చోబెట్టడానికి తలకాయ డాక్టరు సంతకం పెట్టడు. "మీరు ఒక సీసా బదులు ఇంకో సీసా ఇస్తే నష్టపోయేది అవతలి మనిషి కదమ్మా" అన్నాడు. అందులో తప్పేమీ లేదు. అందుకే ఇంకా మండింది.

ఆయన పెట్టిన పరీక్ష ఏమిటంటే, నేనొక నవల చదివి ఆ కథ ఆయనకి చెప్పాలి. ఎవరు ఎవరికి ఏమవుతారు, ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది, అన్నీ వరసలో చెప్పాలి. అంత కథని తలలో కలగాపులగం కాకుండా పెట్టుకోగలిగితే మందుల బీరువాని కూడా పెట్టుకోగలనట.

నాకు భయంగా ఉందిరా. మొన్న ఉప్పు డబ్బా ఫ్రిజ్‌లో పెట్టి ఇల్లంతా వెతికాను. ఇదివరకూ ఇలాంటివి చేసేదాన్నేమో, అప్పుడు పట్టించుకోలేదు. ఇప్పుడు ప్రతిదానికీ గుండె గుభేల్‌మంటోంది. ఆ కౌంటరు లేకపోతే పొద్దున్నే లేచి నేను ఏం చెయ్యాలో నాకు తెలీదు. నువ్వు రోజంతా నవలల మధ్యే పడి ఉంటావు కదా. రెండు పంపించు. మరీ లావుపాటివి వద్దు.

నీ అక్క


బైండింగు షాపు, కిటికీ పక్క బల్ల

అక్కా,

కవరు మీద ‘బంకకి అందజేయగలరు’ అని రాయొద్దని ఎన్నిసార్లు మొత్తుకోవాలి నీకు. టపా తెచ్చినతను షాపు మధ్యలో నిలబడి పైకి చదివాడు. చిన్నప్పుడు నీ జడ పట్టుకుని వదిలేవాణ్ణి కాదు, నిజమే. దాని కోసం జుట్టు నెరిసిన మనిషిని నలుగురిలో నవ్వులపాలు చేస్తావా.

రెండు పంపుతున్నాను, ఒకటి పచ్చ అట్టది, ఒకటి నీలం అట్టది. మా యజమాని ఒక పెద్ద పని పట్టాడు. లైబ్రరీలకి వెళ్ళే నవలలు. అన్నీ ఒకే సైజు, ఒకే కాగితం, అట్ట మీద బొమ్మ కూడా ఉండదు, రంగొక్కటే తేడా. ఈ రెండూ మొదటి దఫాలోవి. పదహారు పేజీలు ఒక మడత, దాన్ని మేం ఫారం అంటాం. ఆ ఫారాలు వరసగా పేర్చింది నేనే, కుట్టింది నేనే, మిషను మీద అంచు కోసింది నేనే. సాయానికి ఇంకొకర్ని పెడతానని యజమాని అన్నాడు గానీ నేనే వద్దన్నాను. ఎవరైనా పక్కన ఉంటే నాకు చెయ్యి ఆడదు. బల్ల కూడా కిటికీ పక్కకి జరిపించుకున్నాను, ఇక్కడ వెలుతురు బాగుంది.

కథల సంగతి మాత్రం నన్నడక్కు. చెప్పులు కుట్టేవాడు ప్రతి చెప్పూ తొడిగి చూస్తాడా. నువ్వు చదువు, పరీక్ష గట్టెక్కుతావు. మన ఇంట్లో అందరి పుట్టినరోజులూ, అందరి తప్పులూ గుర్తుపెట్టుకున్న తల అది. దానికేం కాదు.

నీ తమ్ముడు


ఆస్పత్రి క్వార్టర్స్, వంటింటి బల్ల

ఒరేయ్ బంకా,

పచ్చ అట్టది చదివాను. నీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు.

మొదలు బాగుంది. ఒక లాడ్జి నడుపుకునే ఆవిడ. పై అంతస్తులో అద్దెకున్నతను ఎప్పుడూ గది తలుపు తియ్యడు. ఆవిడ భోజనం పళ్ళెం గుమ్మంలో పెట్టి, తలుపు కొట్టి, పక్కకి నిలబడుతుంది. పళ్ళెం లోపలికి వెళ్తుంది, ఖాళీగా బయటికొస్తుంది, మనిషి మాత్రం కనిపించడు. ఆవిడకి కోపం, తర్వాత జాలి, తర్వాత ఏమిటో ఆవిడకీ తెలీదు, నాకూ తెలీలేదు. నాకు ఆవిడ నచ్చింది. నవలల్లో ఆడవాళ్ళు కిటికీ దగ్గర నిలబడి నిట్టూరుస్తారని విన్నాను. ఈవిడ దుప్పట్లు ఉతుకుతుంది, కుళాయి పాడైతే తనే విప్పుతుంది. మీ బావకి చెబితే "ఆ లాడ్జికి లిఫ్టు ఉందా" అని అడిగారు.

ఒక రోజు పళ్ళెం లోపలికి వెళ్ళదు. ఆవిడ తాళంచెవి తీసుకుని మెట్లెక్కుతుంది, తలుపు ముందు నిలబడుతుంది. నేను పేజీ తిప్పాను. తిప్పితే అక్కడ ఒక ముసలాయన పావురం రెక్క ఎత్తి చూస్తున్నాడు. లైట్‌హౌస్ అట, చుట్టూ సముద్రం అట. లాడ్జి ఏమైందో, ఈవిడ ఏమైందో ఒక్క ముక్క లేదు. పేజీ అంకెలు చూశాను, వరసలోనే ఉన్నాయి. వెనక్కెళ్ళి మళ్ళీ చదివాను. మళ్ళీ పావురాలే. సరే, ఈ ముసలాయన ఆవిడకి నాన్నేమో, ముందెక్కడో చెప్పి ఉంటారు, నేనే మర్చిపోయి ఉంటాను అనుకుని ముందుకెళ్ళాను. కొన్ని పేజీల తర్వాత మళ్ళీ లాడ్జి. కానీ అప్పటికే అద్దెకున్నతను చనిపోయి, ఆ గదికి వెల్ల వేయిస్తోంది ఆవిడ.

అతను ఎప్పుడు పోయాడు, ఎలా పోయాడు? ఒక మనిషి చావు చదివి మర్చిపోయానా నేను?

డాక్టరు దగ్గరికి వెళ్ళాను. చెప్పడం మొదలుపెట్టినప్పుడు బాగానే తల ఊపాడు. పావురాల దగ్గరికి రాగానే ఆపాడు.

"ఈ ముసలాయన ఆవిడకి ఏమవుతాడమ్మా?"

"తెలీదండి."

"అద్దెకున్నతను ఎలా చనిపోయాడు?"

"తెలీదండి."

ఆయన పెన్ను మూత పెట్టి, తొందరేం లేదు, ఇంకోటి చదివి రండి అన్నాడు. అంత మెత్తగా చెప్పే బదులు తిట్టినా బాగుండేది.

నీలం అట్టది రేపు మొదలుపెడతాను. ఈ నవల నీ చేతుల మీదుగా వెళ్ళింది కదా, నీకేమైనా తెలుసా? ఆ పావురాలాయన ఎవరు?

నీ అక్క

ఇంకో మాట. నీ ఉత్తరంలో లైన్లు ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టున్నాయి. లేక అది కూడా నాకే అలా కనిపిస్తోందా?


బైండింగు షాపు

అక్కా,

తొందరగా రాస్తున్నాను, పని ఎక్కువగా ఉంది. అందుకే లైన్లు అలా ఉన్నాయి.

నువ్వు కంగారుపడకు. ఇప్పటి నవలలు అలాగే ఉంటాయట. ముందుది వెనక, వెనకది ముందు. కొంతమంది రచయితలు కావాలనే అలా చేస్తారని మా షాపుకొచ్చేవాళ్ళు అనుకుంటుంటే విన్నాను. పచ్చదాన్ని ఇంకోసారి నిదానంగా చదువు.

నీలం అట్టది మాత్రం తెరవొద్దు. దానిలో అచ్చుతప్పులు ఎక్కువ. తిరిగి పంపించెయ్యి, వేరేది పంపుతాను. డాక్టరుకి కూడా కొన్నాళ్ళు ఆగి చెబుదువుగాని.

నీ మరదలు నిన్ను అడిగానని రాయమంది.

నీ తమ్ముడు


ఆస్పత్రి క్వార్టర్స్, మేడ మీద గది

తమ్ముడూ,

నువ్వు వద్దన్నా నీలం అట్టది చదివాను. నీ ఉత్తరం వచ్చేటప్పటికే సగంలో ఉన్నాను, సగంలో ఆపే అలవాటు నాకు దేంట్లోనూ లేదు. ఆపి ఉంటే బాగుండేది.

ఇది లైట్‌హౌస్ కాపలా ముసలాయన కథ. అవును, ఆయనే. పావురాలు పెంచుతాడు. ఒక పావురాన్ని ఒడ్డుకి పంపి, అది తిరిగొస్తుందా రాదా అని రోజూ పైకెక్కి చూస్తాడు. మొదటి పేజీలో ఆయన్ని చూడగానే నా చేతిలో పుస్తకం జారిపోయింది. పచ్చ అట్టలో ఉన్న మనిషి ఇక్కడికి ఎలా వచ్చాడు? అసలు అక్కడ ఉన్నాడా, లేక నేనే ఎక్కడో విన్నది అందులో చదివానని అనుకున్నానా? పచ్చ పుస్తకం తీసి చూద్దామంటే ధైర్యం చాలలేదు. అక్కడ పావురాలు లేకపోతే ఏం చెయ్యాలి నేను?

సగం దాటాక ఇంకా ఘోరం. ముసలాయన మెట్లెక్కుతున్నాడు, పైన ఏదో రెక్కల చప్పుడు వినిపించింది, పేజీ తిప్పాను. తిప్పితే లాడ్జి ఆవిడ తలుపు తెరుస్తోంది. అద్దెకున్నతను కుర్చీలో కూర్చుని చనిపోయి ఉన్నాడు. తల దువ్వుకుని, బూట్లు వేసుకుని, తలుపు వైపు తిరిగి కూర్చున్నాడు. ఆ రోజు బయటికి రావాలనే అనుకున్నాడన్నమాట. ఆవిడ దగ్గరికెళ్ళి ఊడిపోయిన బూటు తాడు కట్టింది. ఎందుకు కట్టిందో ఆవిడకి తెలీదు. నేను మాత్రం కూర్చుని బావురుమని ఏడ్చాను. వాళ్ళ కోసమే ఏడ్చానో, నా కోసం ఏడ్చానో చెప్పలేను.

నాకు అర్థమైందిరా. నా తలలో రెండు కథలు కలిసిపోతున్నాయి. ఒక సీసాలోది ఇంకో సీసాలోకి పోస్తున్నాను. డాక్టరు భయపడింది సరిగ్గా ఇదే. కథల్లో కలిపితే ఎవరికీ ఏమీ కాదు, కౌంటర్లో కలిపితే ఎవరి పిల్లో పోతుంది.

ఉద్యోగం మానేస్తున్నానని కాగితం రాసి పెట్టాను. మీ బావ చదివి, లేచి వెళ్ళి బాగానే ఉన్న ఫ్యాను విప్పుతూ కూర్చున్నారు. వచ్చే వారం ఇచ్చేస్తాను. నువ్వు బాధపడకు. ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి కాబట్టి నీకు రాశాను.

అక్క


బైండింగు షాపు

అక్కా,

ఆ కాగితం ఇవ్వకు. నా మీద ఒట్టు, ఇవ్వకు.

నీ తలకి ఏమీ కాలేదు. పుస్తకాలే తప్పు. పచ్చదానిలో ఒక ఫారం నీలందానిలోకి, నీలందానిలోది పచ్చదానిలోకి వెళ్ళిపోయింది. రెండూ ఒకే వరస అంకె ఉన్న ఫారాలు కాబట్టి పేజీ అంకెలు తేడా రాలేదు. నువ్వు చదివింది చదివినట్టే ఉంది, నువ్వు చూసిన పావురాలు అక్కడే ఉన్నాయి. షాపులో ఎవరో పేర్చేటప్పుడు చూసుకోలేదు. పని ఒత్తిడిలో జరుగుతుంటాయి.

రెండు పుస్తకాలూ వెంటనే నాకు పంపించు. ఎవరికీ చూపించొద్దు. ఎందుకని అడక్కు.

నీ తమ్ముడు


మందుల కౌంటరు వెనక, బీరువాల గది

ఒరేయ్ బంకా,

నీ ఉత్తరం చదివి ఎంత గట్టిగా నవ్వానంటే మీ బావ స్క్రూడ్రైవరు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. కాగితం ముక్కలు ముక్కలుగా చింపేశాను. ఆ చింపే పని కూడా ఆయనకి ఇవ్వలేదు.

పుస్తకాలు పంపను. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూశాను. మాత్రల అట్టల మీద గడువు తేదీలు చదివే కళ్ళు నావి. ప్రతి ఫారం మొదటి పేజీ అడుగున ఒక అంకె ఉంది, దాని పక్కన ఏ నవలో తెలియడానికి చీమ తలకాయంత అక్షరం ఒకటి ఉంది. అంకెలు రెండు పుస్తకాల్లోనూ సరిగ్గానే ఉన్నాయి. ఆ ఫారం దగ్గర అక్షరమే తారుమారైంది. అంకె చూసి పేర్చినవాడికి అక్షరం కనిపించలేదు.

దారాలు తెంపి, ఆ ఫారాలు ఎక్కడివక్కడ పెట్టి, దుప్పట్లు కుట్టే సూదితో కుట్టాను. నువ్వు చూస్తే తల బాదుకుంటావు. పచ్చదాన్ని మొదట్నుంచీ చదువుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళాను. పోయినసారి పుస్తకమే తప్పుగా కుట్టారండి అంటే, అందరూ అలాగే అంటారన్నట్టు చూశాడు. అయినా కథ చెప్పమన్నాడు. నేను చెప్పాను. బూటు తాడు దగ్గరికొచ్చేసరికి ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. సంతకం పెట్టాడు. పుస్తకం ఎవరు కుట్టారని అడిగితే తెలిసినవాళ్ళేనండి అన్నాను.

ఇప్పుడు కౌంటర్లోంచే రాస్తున్నాను. నేను ఎగిరి గంతెయ్యాలి. వెయ్యలేకపోతున్నాను.

"షాపులో ఎవరో" అని రాశావు. పేర్చింది నేనే, కుట్టింది నేనే, ఇంకొకర్ని వద్దన్నాను అని నువ్వే రాశావు మొదటి ఉత్తరంలో. బల్ల కిటికీ పక్కకి ఎందుకు జరిగిందో, లైన్లు ఒకదాని మీద ఒకటి ఎందుకు ఎక్కుతున్నాయో, పోయినసారి మా ఇంటికొచ్చినప్పుడు నీళ్ళు గ్లాసు పక్కన పోసి ఎందుకు నవ్వేశావో, అన్నీ ఇప్పుడు వరసలోకొచ్చాయి. ఎంత కనిపిస్తోందిరా నీకు?

నీలం పుస్తకం తెరవొద్దని ఎందుకు రాశావో నేను అడగను.

నాకు రోజూ కళ్ళ ముందు మెదులుతోంది ఆ అంచులు కోసే మిషను. అంత కత్తి కింద నీ వేళ్ళు. నవల తప్పు కుడితే ఊడదీసి మళ్ళీ కుట్టొచ్చు. నన్ను కౌంటర్లోంచి దింపినప్పుడు ఏడ్చాను, డాక్టర్ని ఇంటిల్లిపాదికీ వినిపించేలా తిట్టాను, కానీ దిగాను కదరా. నువ్వు కూడా దిగు. యజమానికి చెప్పు. మా ఆస్పత్రిలో కళ్ళ డాక్టరుకి చూపిద్దాం.

ఆ లాడ్జి ఆవిడలా నేను తలుపు బయటే నిలబడి ఉన్నాను. బూట్లు వేసుకుని లోపలే కూర్చోకు.

నీ అక్క


ఇంటి దగ్గర, వరండా

అక్కా,

ఈ ఉత్తరం నేను చెబుతుంటే నీ మరదలు రాస్తోంది. లైన్లు తిన్నగా ఉన్నాయి కదా.

మధ్యలో కనిపించదు. పక్కల కనిపిస్తుంది. మనిషికేసి చూస్తే చెవులు కనిపిస్తాయి, ముఖం ఉండాల్సిన చోట మసక. పుస్తకం పట్టుకుంటే అంచులు కనిపిస్తాయి, అందుకే అంచు కొయ్యగలను కదా అనుకున్నాను. కాగితం, దారం, అన్నీ వేళ్ళే చూసుకునేవి. అంకెలు భూతద్దంతో పట్టుకునేవాణ్ణి. ఆ అక్షరం సంగతి అసలు మర్చిపోయాను.

నువ్వు అడగనన్నావు. అడగకపోయినా చెబుతాను. నీలంది లైట్‌హౌస్ కథ అని అచ్చాఫీసు నుంచి ఫారాలు తెచ్చినతను చెప్పాడు. పచ్చదానిలో పావురాలు అని నువ్వు రాసినప్పుడే నాకు తెలిసిపోయింది. తప్పు పుస్తకానిదే అని రాస్తే నా కళ్ళ సంగతి బయటపడుతుంది. రాయకపోతే నీ తలే పాడైందని నువ్వు అనుకుంటావు. ఒక్క ఉత్తరం ఆగి చూద్దాం అనుకున్నాను. ఆ ఒక్క ఉత్తరంలోనే నువ్వు ఉద్యోగం వదులుకునే కాగితం రాశావు. నేను ఏ మనిషినో నాకే అర్థం కావడం లేదు అక్కా.

యజమానికి చెప్పాను. ఆయన మొదట నవ్వాడు, నేను వేళాకోళమాడుతున్నానని. తర్వాత కట్టలు విప్పించి చూశాడు. ఆ దఫా అంతా ఇంతే. అరిచి ఉంటే బాగుండేది. మిషను తాళం నా చేతిలోంచి తీసుకున్నాడు. కట్టలన్నీ ఊడదీసి మళ్ళీ కుడుతున్నారు, నేను ఒక పక్క కూర్చుని దారాలు తెంపుతున్నాను. ఆ పని అయ్యాక నన్ను ఉంచుతాడో లేదో ఆయనకే తెలీదు, నాకేం తెలుస్తుంది. కళ్ళు బాగవుతాయో లేదో కూడా తెలీదు. ఏమీ తెలీకుండా ఇలా కూర్చోవడం నాకు అలవాటు లేదు.

రమ్మంటే వస్తాను. కానీ బస్సు దిగాక అంత జనంలో నిన్ను ఎలా గుర్తుపట్టాలి?

నీ తమ్ముడు

వదినా, ఇది నా మాట. ఆయన నీళ్ళు బయట పోసినప్పుడల్లా నేను చప్పుడు చెయ్యకుండా తుడిచేసేదాన్ని. నేను తుడవడం ఆయనకి తెలీదనుకునేదాన్ని. తన కళ్ళ సంగతి నాకు తెలీదని ఆయన అనుకునేవారట.


ఆస్పత్రి క్వార్టర్స్, మేడ మీద గది

ఒరేయ్ బంకా,

నువ్వు చెప్పింది చదివాను. రెండు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను, మూడో రోజు ఆ కోపం ఎక్కడ పెట్టానో కనిపించలేదు. ఫ్రిజ్‌లో చూడాలి.

కళ్ళ డాక్టరుతో మాట్లాడాను. చూడకుండా ఏమీ చెప్పనంది. నేను కూడా బాగవుతుందని చెప్పను. మందులు ఇచ్చేదాన్ని, మాటలు ఇవ్వకూడదు. నువ్వూ మరదలూ బయల్దేరి రండి. ఎన్నాళ్ళుంటారో, తర్వాత ఏమిటో నాకూ తెలీదు. మీ బావ మాత్రం మా మెట్లకి రెండువైపులా కొత్త కమ్మీలు బిగిస్తున్నారు. నేను పడ్డప్పుడు తోచని పని నువ్వొస్తున్నావంటే తోచింది ఆయనకి.

ఈమధ్య రెండు నవలలూ సరిగ్గా కుట్టినవే మళ్ళీ చదివాను. బాగున్నాయి, అన్నీ అర్థమయ్యాయి. అయినా ఆ ముసలాయన మెట్లెక్కుతుంటే ఇప్పటికీ లాడ్జి తలుపే తెరుచుకుంటుందని చూస్తాను. నువ్వు కలిపేసిన కథలు నా తలలో విడిపోవడం లేదు. ఈ సంగతి మా డాక్టరుకి చెప్పకు.

నన్ను ఎలా గుర్తుపట్టాలని అడిగావు. బస్సు దిగి ఒక్కొక్కరి ముఖాలకేసి చూస్తూ నిలబడకు. నన్ను వెతకొద్దు. నేను బస్టాండు మధ్యలో నిలబడి ‘ఒరేయ్ బంకా’ అని నా గొంతు ఎంతుందో అంత గొంతుతో పిలుస్తాను. అందరూ మనవైపు తిరిగి నవ్వుతారు. నువ్వు సిగ్గుపడకుండా గొంతు వినిపించినవైపు నడిచి రా.

నీ అక్క